సన్నదు ఇచ్చిన లార్డ్ క్లైవ్ ఎవరు? ఒక ఇంగ్లీషు వంశం, మన పాళెం

 

కార్వేటినగరం సంస్థానం గురించి చెప్పేటప్పుడు ఒక మాట అన్నాను. 1802లో, లార్డ్ క్లైవ్ మద్రాసు గవర్నరుగా ఉండగా, బొమ్మరాజుపాళెం వాళ్ళకు శాశ్వత సన్నదు వచ్చింది అని. దాని మీద ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది. "క్లైవ్ 1774లోనే చనిపోయినాడు గదా సార్, 1802లో సన్నదు ఎట్లా ఇచ్చినాడు?" అని. మంచి ప్రశ్న. తేదీలు చూసి చదివేవాళ్ళే అడగగలిగిన ప్రశ్న. ఈ రోజు దానికి జవాబు చెప్పుకుందాం. జవాబు ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు: ఆ క్లైవ్ వేరు, ఈ క్లైవ్ వేరు, వీళ్ళు తండ్రీకొడుకులు. కానీ ఆ ఒక్క వాక్యం వెనక ఒక వంశం కథ ఉంది. ఆ కథలో మన ఆర్కాటు ఉంది, మన పాళెగాళ్ళు ఉండారు, తిరుమల గుడి రాబడి కూడా ఉంది.

ముందు ఆ బిరుదుల లెక్క తెలుసుకుందాం. ఇది తెలియకపోతే తర్వాత చెప్పేదంతా తికమకగా ఉంటుంది.

ఇంగ్లీషు వాళ్ళలో ప్రభువుల మెట్లు ఐదు. పైనుంచి కిందికి చెబితే డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. ఇందులో డ్యూక్ తప్ప మిగతా నలుగురినీ మామూలు మాటల్లో "లార్డ్ ఫలానా" అనే అంటారు. అంటే లార్డ్ అన్నది పిలుపు మాత్రమే, అసలు హోదా ఏ మెట్టో ఆ పిలుపుతో తెలీదు. ఇక "సర్" అనేది ఈ ఐదు మెట్లకూ కింద. మన తిరుమలలో మన్రో గంగాళం అంటారే, ఆ థామస్ మన్రో "సర్". 1825లో ఆయనకు బ్యారొనెట్ అనే హోదా ఇచ్చినారు. అది కూడా కొడుక్కి వస్తుంది గానీ, దానితో ప్రభువుల సభలో కుర్చీ రాదు. అందుకే ఆయన మనకు సర్ మన్రో, ఎప్పుడూ లార్డ్ మన్రో కాడు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. బిరుదు తండ్రి నుంచి కొడుక్కి వచ్చినప్పుడు పేరు మారదు. తండ్రి లార్డ్ క్లైవ్ అయితే, తండ్రి పోయిన రోజు నుంచి కొడుకూ లార్డ్ క్లైవే. మన తికమకంతా ఇక్కడే మొదలు.

ఇప్పుడు తండ్రి దగ్గరికి వద్దాం. రాబర్ట్ క్లైవ్. 1725లో ష్రాప్‌షైర్ అనే జిల్లాలో స్టైచ్ అనే ఊర్లో పుట్టినాడు. పాత కుటుంబమే గానీ, ప్రభువులు కారు. కొంచెం భూమి, దానికి తగ్గ అప్పులు. మన పక్క చెప్పినట్టు, పేరుకు పెద్ద ఇల్లు. 1744లో మద్రాసుకు కంపెనీలో రైటరుగా వచ్చినాడు. రైటరు అంటే గుమాస్తా అన్నమాట. 1751లో ఆర్కాటు కోటను పట్టుకొని, యాభై రోజులు ముట్టడిలో నిలబెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి పేరొచ్చింది. చందా సాహెబు, మహమ్మదలీ, వాళ్ళిద్దరి నవాబుగిరీ తగాదా మీకు తెలిసిందే. మహమ్మదలీ పక్షాన నిలబడినందుకు క్లైవ్‌కు మొదట వచ్చిన బిరుదు ఇంగ్లీషుది కాదు. సాబత్ జంగ్. యుద్ధంలో చలించనివాడు అని అర్థం. ఇంగ్లండు రాజు ఏదైనా బిరుదు ఇవ్వకముందే మన ఆర్కాటు దర్బారు ఆయనకు బిరుదు ఇచ్చేసింది.

తర్వాత 1757లో ప్లాసీ. గెలిచినాక మీర్ జాఫరు ఇచ్చిన నజరానా రెండు లక్షల ముప్పై నాలుగు వేల పౌండ్లు. 1759లో ఒక జాగీరు, దాని మీద ఏటా ఇరవై ఏడు వేల పౌండ్ల రాబడి. ఆ జాగీరు రావాలంటే మొగలు పద్ధతిలో మన్సబు ఉండాలి, కాబట్టి దానికి తగ్గ మన్సబూ ఢిల్లీ పేరుతో వచ్చింది. అంటే చూడండి, ఇంగ్లీషు గుమాస్తాగా వచ్చిన మనిషి ముందు మొగలు ఉమ్రావు అయినాడు, ఆ తర్వాతే ఇంగ్లీషు ప్రభువు అయినాడు.

1762లో బ్రిటన్ రాజు ఇచ్చిన బిరుదు "బ్యారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ". ప్లాసీ అంటే పలాశి. పలాశం అంటే మన మోదుగ చెట్టు. మోదుగ చెట్ల పేరు మీద ఉన్న ఒక బెంగాలీ పల్లె పేరు, ఒక ఇంగ్లీషు ప్రభువు బిరుదులోకి ఎక్కింది.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. అది ఐర్లండు బిరుదు. ఐర్లండు బ్యారన్‌కు లండన్‌లో ప్రభువుల సభలో కుర్చీ ఉండదు. లార్డ్ అని పిలిపించుకోవచ్చు, అంతే. క్లైవ్‌కు ఇది మింగుడుపడలేదు. ఐర్లండులో క్లేర్ అనే జిల్లాలో భూములు కొని, ఒకదానికి ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. బిరుదులో ఊరి పేరుంటే ఆ ఊరు ఐర్లండులో ఉండాలి గదా! చివరిదాకా ఆయన సామాన్యుల సభలోనే సభ్యుడు.

ఐర్లండు బిరుదుల మీద ఈ అసంతృప్తి ఆయనొక్కడిదే కాదు. టిప్పు సుల్తాన్ మీద గెలిచినాక గవర్నర్ జనరల్ వెల్లస్లీకి 1799లో మార్క్విస్ హోదా ఇచ్చినారు, అదీ ఐర్లండుదే. ఆయనైతే దాన్ని రెండు పూతల బంగారం పూసిన ఉర్లగడ్డ అని వెక్కిరించుకున్నాడు. దేశాలు గెలిచిన మనుషులు ఒక మెట్టు కోసం ఎట్లా కుమిలిపోయినారో చూడండి.

రాబర్ట్ క్లైవ్ 1774 నవంబరులో చనిపోయినాడు. కొడుకు ఎడ్వర్డ్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ రోజు నుంచి ఎడ్వర్డే లార్డ్ క్లైవ్, రెండో బ్యారన్. ఐర్లండు బిరుదే గానీ, ఆస్తి మాత్రం నిండుగా ఉంది. తండ్రికి దక్కని కుర్చీ కొడుక్కి 1794లో దక్కింది. బ్యారన్ క్లైవ్ ఆఫ్ వాల్కాట్ అని, ఈసారి గ్రేట్ బ్రిటన్ బిరుదు. ప్రభువుల సభ తలుపు తెరుచుకుంది.

ఈ ఎడ్వర్డ్ క్లైవే 1798 ఆగస్టు నుంచి 1803 ఆగస్టు దాకా మద్రాసు గవర్నరు. చెన్నైలో రాజాజీ హాలు చూసినారు గదా, ఎంజీఆర్‌నీ జయలలితనూ కడసారి చూపుకు పెట్టిన మెట్ల భవనం, అది ఈయన కాలంలో కట్టిందే. తండ్రి మాదిరి కత్తి పట్టిన మనిషి కాదు. తోటలు, మొక్కలు అంటే ఇష్టం. పై నుంచి వెల్లస్లీ నడిపిస్తా ఉంటే ఈయన సంతకాలు పెడతా వచ్చినాడు. కానీ మన జిల్లా చరిత్రలో తండ్రి కత్తి కంటే ఈ కొడుకు సంతకమే ఎక్కువ పని చేసింది. అది ఎట్లాగో చెబుతాను.

1801 జూలైలో ఆర్కాటు నవాబు ఉమ్దతుల్ ఉమ్రా చనిపోయినాడు. వారసుడు అలీ హుస్సేన్. కంపెనీ ఒక ఒప్పందం ముందు పెట్టింది: రాజ్యపాలన మాకు అప్పజెప్పు, నవాబు అన్న పేరు నువ్వు ఉంచుకో. దానికి సాకు, టిప్పుతో మీ వాళ్ళు రహస్యంగా ఉత్తరాలు రాసుకున్నారని. అలీ హుస్సేన్ ఒప్పుకోలేదు. అప్పుడేం చేసినారు? అదే కుటుంబంలో అజీముద్దౌలా అనే ఇంకొకాయన్ను తెచ్చి, ఆయన చేత సంతకం పెట్టించి, ఆయన్నే నవాబును చేసినారు. 1801 జూలై 31 తేదీ ఒప్పందం అది. నవాబుకు బిరుదు, నికర రాబడిలో ఐదో వంతు. కంపెనీకి మిగతా అంతా. చిత్తూరు, తిరుపతి, మన పుత్తూరు పక్క అంతా ఆ రోజుతో నేరుగా కంపెనీ చేతికి పోయింది. తిరుమల గుడి రాబడి అంతకు ముందే అప్పుల కింద నవాబు కంపెనీకి రాసిచ్చి ఉన్నాడు, ఇప్పుడు నడుమ నవాబు కూడా లేకుండా పోయినాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. వంశం ప్రకారం నవాబు ఎవరు? అలీ హుస్సేన్. కాగితం ప్రకారం నవాబు ఎవరు? అజీముద్దౌలా. నిలబడింది ఏది? కాగితం. మనం వంశం అంటే రక్తం అనుకుంటాం. బిరుదు రక్తంలో ఉండదు అండీ, కాగితంలో ఉంటుంది. ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే అధికారం.

మరుసటి సంవత్సరం, 1802. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం అనే బొమ్మరాజుపాళెం, సైదాపురం. ఈ నాలుగింటినీ పడమటి పాళెాలు అనేవాళ్ళు. వీళ్ళకు శాశ్వత సన్నదులు ఇచ్చినారు. అదే ఏడాది ఇరవై ఐదో రెగ్యులేషన్ అని శాశ్వత పరిష్కారం చట్టం కూడా వచ్చింది. అంతకు ముందు పాళెగాడంటే ఎవరు? సొంత బంట్లు ఉన్నవాడు, ఊర్లకు కావలి కాసేవాడు, పిలిస్తే సైన్యంతో పోవాల్సినవాడు. సన్నదు తర్వాత ఎవరు? ఏటా కిస్తీల ప్రకారం పేష్కష్ కట్టేవాడు. సైన్యంతో సేవ చేసే బదులు దానికి కూడా కలిపి డబ్బు కట్టాలి. కట్టకపోతే ఎస్టేటు వేలానికి పోతుంది. రాజావారు అనే పిలుపు అట్లే ఉంది, కోట అట్లే ఉంది, స్కంద పుష్కరిణి ఉంది, వేణుగోపాలస్వామి కొలువు ఉంది, సారంగపాణి పదాలు ఉన్నాయి. కానీ ఆ రాజరికానికి ఆధారం ఇప్పుడు కత్తి కాదు, సన్నదు. కాగితం ఇయ్యని చిత్తూరు పాళెగాళ్ళ సంగతి వేరే. వాళ్ళు తిరగబడినారు, అణిగిపోయినారు.

ఇప్పుడు మళ్ళీ క్లైవ్ ఇంటికి పోదాం. మనకు కాగితాలు పంచిన ఈ ఎడ్వర్డ్ క్లైవ్ తన ఇంటి కాగితం సంగతి ఏం చేసుకున్నాడో చూడండి.

ఆయన భార్య హెన్రియెట్టా హెర్బర్ట్. వేల్స్ దేశంలో పోవిస్ కోట ఆమె పుట్టినిల్లు. తండ్రి పోవిస్ ఎర్ల్. క్లైవ్‌ల దగ్గర డబ్బుంది, పాత పేరు లేదు. హెర్బర్ట్‌ల దగ్గర పాత పేరుంది, అప్పులున్నాయి. 1784లో పెళ్ళి. మన పక్క ఇట్లాంటి సంబంధాలు ఎన్ని చూడలేదు మనం! ఈమె కూడా మద్రాసుకు వచ్చింది. 1800లో ఇద్దరు కూతుళ్ళతో పల్లకీలు, ఏనుగులు పెట్టుకొని ఆర్కాటు, వేలూరు మీదుగా మైసూరు దేశం దాకా నెలల తరబడి తిరిగింది. పెద్ద కూతురు పేరు హెన్రియెట్టానే, చిన్న కూతురు షార్లెట్. ఆ షార్లెట్ తర్వాత నార్తంబర్లండ్ డ్యూక్ భార్య అయింది, విక్టోరియా రాణి చిన్నప్పుడు ఆమెకు గవర్నెస్‌గా ఉండింది. నర్సరీల్లో క్లైవియా అని నారింజరంగు పూలమొక్క అమ్ముతారే, దానికి ఆ పేరు ఈమె ఇంటిపేరు మీదే పెట్టినారు.

1801లో, ఇక్కడ నవాబు చనిపోయిన ఏడాదే, అక్కడ హెన్రియెట్టా అన్న, రెండో పోవిస్ ఎర్ల్ పెళ్ళి కాకుండానే చనిపోయినాడు. మగ వారసుడు లేడు, బిరుదు ఆగిపోయింది. ఇట్లా ఆగిపోవడం పోవిస్ బిరుదుకు కొత్త కాదు. 1674లో ఒకసారి పుట్టి ఆ శాఖ 1748లో ఆగింది. 1748లో ఇంకో హెర్బర్ట్‌కు రెండోసారి ఇచ్చినారు, అది 1801లో ఆగింది. ఆస్తి మాత్రం మేనల్లుడికి, అంటే ఎడ్వర్డ్ క్లైవ్ పెద్దకొడుక్కి పోయేట్టు వీలునామా ఉంది. ఒక షరతు మీద: క్లైవ్ అన్న ఇంటిపేరు వదిలి, హెర్బర్ట్ అని పెట్టుకోవాలి.

ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాసు నుంచి తిరిగి పోయినాడు. 1804 మేలో రాజు ఆయనకు పోవిస్ ఎర్ల్ బిరుదు మూడోసారి పుట్టించి ఇచ్చినాడు. దాంతో పాటు వైకౌంట్ క్లైవ్, బ్యారన్ హెర్బర్ట్, బ్యారన్ పోవిస్ అని ఒక వరుస బిరుదులు. బావమరిదిది రెండో ఎర్ల్ స్థానం, కానీ ఈయన మూడో ఎర్ల్ కాదు. కొత్త కాగితం కాబట్టి లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మొదటి ఎర్ల్. ఐర్లండు మెట్టు మీద మొదలైన కుటుంబం రెండు తరాల్లో మూడో మెట్టుకు ఎక్కింది. దాని పెట్టుబడి ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ రోజుకూ పోవిస్ కోటలో క్లైవ్ మ్యూజియం అని ఉంది. టిప్పు సింహాసనం మీది బంగారు పులితల ఒకటి, టిప్పు గుడారం అక్కడ ఉన్నాయి.

1807లో ఆయన పెద్దకొడుకు రాజు అనుమతితో హెర్బర్ట్ అయిపోయినాడు. మేనమామ ఆస్తి కోసం ఇంటిపేరు మార్చుకోవడం. మనకు దత్తత పోయినవాడు ఇంటిపేరు మార్చుకున్నట్టే ఉంది గదా. అందుకే ఈ రోజు రాబర్ట్ క్లైవ్ వంశంలో ఆ పెద్ద బిరుదు ఉన్నవాళ్ళ ఇంటిపేరు క్లైవ్ కాదు, హెర్బర్ట్. ఎర్ల్ పెద్దకొడుకును మాత్రం తండ్రి బతికి ఉండగా మర్యాదకు వైకౌంట్ క్లైవ్ అని పిలుస్తారు. అంటే 1804 తర్వాత కాగితాల్లో "లార్డ్ క్లైవ్" అని కనిపిస్తే అది తండ్రీ కాదు, కొడుకూ కాదు, మనవడు!

ఇక తర్వాత తరాలు గబగబా చెప్పేస్తాను. ఈ మనవడు, రెండో ఎర్ల్, 1848లో నెమళ్ళ జాతి పక్షుల వేటలో సొంత కొడుకు తుపాకీ పొరపాటున పేలి చనిపోయినాడు. మూడో ఎర్ల్ తర్వాత 1891లో బిరుదు ఆయన తమ్ముడి కొడుక్కి పోయింది. ఈ నాలుగో ఎర్ల్‌కు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ దగ్గర గాయపడి 1916లో పోయినాడు, చిన్నవాడు రెండో యుద్ధంలో 1943లో విమాన ప్రమాదంలో పోయినాడు. చిన్నవాడికి ఒక కూతురు, డవీనా.

ఇప్పుడు చట్టం ఆట చూడండి. ఎర్ల్ బిరుదు కాగితంలో మగ సంతానానికే అని ఉంది. కాబట్టి 1952లో నాలుగో ఎర్ల్ పోయినప్పుడు మనవరాలికి రాలేదు, దాయాదికి పోయింది. కోట నేషనల్ ట్రస్టుకు పోయింది. కానీ డవీనా నాయనమ్మ వైపు నుంచి ఇంకో బిరుదు ఉంది. డార్సీ డి నేత్ అనే బ్యారనీ, 1332 నాటిది. ఆ పాత పద్ధతి బిరుదు ఆడబిడ్డకూ వస్తుంది. తండ్రి పోయినాక అది ఆ పసిపిల్లకు వచ్చింది. పెద్దయినాక కారు ప్రమాదంలో భర్త పోయి, ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది. అయినా ప్రభువుల సభలో కూర్చొని, వికలాంగుల హక్కుల మీద దశాబ్దాల పాటు మాట్లాడింది. 1999లో వారసత్వ సభ్యుల్లో 92 మందిని మాత్రం ఉంచి మిగతావాళ్ళను తీసేసినప్పుడు కూడా ఆమె ఎన్నికై నిలిచింది. 2008లో చనిపోయింది. ఒకే ఇల్లు, ఒకే రక్తం. ఒక కాగితం ఆమెను కాదంది, ఇంకో కాగితం ఔనంది.

మరి మన పక్క కాగితాలు ఏమైనాయి? ఆర్కాటు నవాబు బిరుదు 1855లో సంతానం లేదని రద్దు చేసినారు. తర్వాత 1867లో విక్టోరియా రాణి కాగితం మీద ప్రిన్స్ ఆఫ్ ఆర్కాట్ అని తిరిగొచ్చింది. కార్వేటినగరం లాంటి జమీందారీలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో రైతువారీ కింద కలిసిపోయినాయి. 1950లో మన రాజ్యాంగం 18వ అధికరణం, సైన్యం చదువు తప్ప ఇంకే బిరుదునూ ప్రభుత్వం ఇవ్వకూడదు అనింది. అక్కడ భూమి పోయినా, కోట పోయినా బిరుదు మిగిలింది, ఎందుకంటే బిరుదు కాగితం వేరు, భూమి కాగితం వేరు. ఇక్కడ 1802లో రెంటినీ ఒకే సన్నదులో కట్టేసినారు. సన్నదు పోయిన రోజు రెండూ పోయినాయి. పేరు మాత్రం జనం నోట్లో రాజావారు అని మిగిలింది. దానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

కాబట్టి మీకు నేను చెప్పేది ఇది. మన పుత్తూరు, నారాయణవనం, వడమాలపేట చుట్టుపక్కల ఇళ్ళల్లో పాత ఇనాం పట్టాలు, దానపత్రాలు, కోర్టు తీర్పుల నకళ్ళు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి. వాటిల్లో ఒక దొర పేరు కనిపిస్తే, వెంటనే మనకు తెలిసిన పెద్ద పేరు తగిలించేయొద్దు. ముందు తేదీ చూడండి. 1762 నుంచి 1774 దాకా అయితే రాబర్ట్. 1774 నుంచి 1804 దాకా అయితే ఎడ్వర్డ్. ఆ తర్వాత అయితే ఆయన కొడుకు. అట్లే "కార్వేటినగరం రాజావారు" అని ఉంటే కూడా, ఏ సంవత్సరపు రాజావారో చూసుకోండి. మన జమీందారుల్లోనూ తాత పేరు మనవడికి పెట్టడం మామూలే. పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడు కాదు. తేదీ తప్పితే తరం తప్పుతుంది, తరం తప్పితే హక్కు తప్పుతుంది.

ఆ పెట్టెల్లోవి చెదలు పట్టకముందే ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, వెనక వైపు కూడా తీయండి, ముద్రలూ సంతకాలూ చాలాసార్లు వెనకే ఉంటాయి. చదవడం రాకపోతే కింద రాయండి, కలిసి చదువుదాం. వచ్చే ఎపిసోడ్‌లో పేష్కష్ లెక్క ఎట్లా కట్టేవాళ్ళు, అది చివరికి రైతు మీద ఎట్లా పడేది అన్నది చూద్దాం.